మా తాతకు తెలిసిన ఆమోసు

పోయిన ఆదివారం పొద్దున మా ఇంటి ఓనరమ్మ ఒక పెద్ద చార్టు కాగితం, స్కేలు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు పట్టుకొని మేడమెట్లెక్కి నా గదికి వచ్చింది. తమిళనాడు ధర్మపురిలో కలెక్టరాఫీసుకు పోయే దారిలో ఆమె మేడ మీది గది నాది. ఆమె రిటైరయిన టీచరు. చర్చిలో ఆదివారం పిల్లలకు పాఠం చెపుతుంది. నేను తూకం మిషన్లు సరిచూసే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి గీతలు తిన్నగా గీస్తానని ఆమె నమ్మకం. పాతకాలపు యూదుల ప్రవక్తల గురించి పిల్లలకు ఒక పట్టిక కావాలట. పేరు, సొంత ఊరు, చేసిన పని, ఏ రాజు కాలం అని నాలుగు గళ్ళు. గళ్ళంటే నాకు మొదటినుంచీ ఇష్టమే. ఐదోది కూడా గీద్దామా, భార్యా పిల్లలూ అని రాయడానికి, అని అడిగితే, వద్దులే, చాలామందికి అది ఖాళీగా ఉండిపోతుంది అంది. నేను గీస్తుంటే ఆమె చెపుతూ పోయింది. ఒకచోట ఆగి, మేకలు మేపినాయన ఊరు పేరు నాలిక మీదే ఉంది, గుర్తు రావడంలేదు అంది. తెకోవ అన్నాను. మూడో గడిలో మేకలతోపాటు అత్తిచెట్ల పని కూడా రాశాను. దక్షిణాన ఉజ్జియా, ఉత్తరాన యరొబాము రాజులుగా ఉన్నప్పుడు అని నాలుగో గడి కూడా నేనే నింపేశాను. ఆమె నా గోడ మీది పెరుమాళ్ళ క్యాలెండరు వైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి, నీకు ఆమోసు ఎట్లా తెలుసు అని తమిళంలో అడిగింది. మా తాతకు తెలిసినాయన అన్నాను. పక్కూరి మనిషి గురించి చెప్పినట్టు నోట్లోంచి వచ్చేసింది.

మా తాత అంటే అమ్మ వాళ్ళ నాయన. కడత్తూరు దాటి హరూరు వైపు పోయే దారిలో లోపలికి ఉంటుంది ఆయన ఊరు. మెట్ట చేను, ఒక బావి, మేకల మంద. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదువు రెండింటిలోనూ లేదు. నాకు గుర్తున్నంతలో ఆయనకు మూడు విషయాల మీద గట్టి అభిప్రాయాలుండేవి: మేకను చెవి చూసి కొనాలి, టీలో చక్కెర అడిగి వేయాలి, పెరుమాళ్ళకు ఇష్టమైన తమిళ నెల పెరటాసిలో శనివారాల్లో పొద్దు వాలేదాకా పచ్చి నీళ్ళు తప్ప ముట్టకూడదు. మిగతా అన్ని విషయాల్లోనూ ఎవరు ఏది చెప్పినా తలాడించి వినేవాడు. వినడంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. చెప్పేవాణ్ణి మధ్యలో ఆపి, కథకు ఏమాత్రం సంబంధం లేని ఒక ప్రశ్న అడిగేవాడు. కాసేపటికి అసలు సంబంధం దానికే ఉందని తెలిసేది.

ఆయన చేనుకూ, అక్కడి చిన్న చర్చి ఉపదేశి చేనుకూ మధ్య ఒకటే గట్టు. ఉపదేశి తమిళుడు. సన్నగా, ఎప్పుడూ నవ్వు ముఖంతో ఉండేవాడు. ఆయనకూ కొన్ని మేకలుండేవి. ఆదివారం చెప్పాల్సిన ప్రసంగాన్ని శుక్రవారం, శనివారం మేకల వెనక నడుస్తూ పైకి చెప్పుకొని సాధన చేసేవాడు. మేకలకు వినక తప్పదు, మా తాతకూ తప్పేది కాదు. ఎవరైనా ప్రవక్త పేరు రాగానే తాత అడిగేది ఒకటే, ఆయన ఏం పని చేసేవాడు అని. పూజారి కొడుకంటే ఆసక్తి పోయేది. రాజుగారి కొలువులో మనిషంటే మేకను అదిలించే వంకతో లేచి పోయేవాడు. ఆమోసు దగ్గర మాత్రం కూర్చుండిపోయినాడు. ఎన్ని మేకలని అడిగితే, అది రాయలేదు అన్నాడట ఉపదేశి. మిగతాదంతా రాసి మేకల లెక్క వదిలేసినవాడు ఏం రాతగాడని తాత చివరిదాకా అంటుండేవాడు.

ఆ తర్వాత నేను సెలవులకు పోయినప్పుడల్లా ఆమోసు గురించి కొత్తగా ఏదో ఒకటి తెలిసేది. తెకోవ రాళ్ళ గుట్టల మీది ఊరు, దానికవతల ఎడారి. అత్తిచెట్లు మాత్రం అంత ఎత్తున పెరగవు, కింద పల్లంలో పెరుగుతాయి. మరి ఒకే మనిషికి రెండు పనులూ ఎట్లా అని ఉపదేశికి అనుమానం. తాతకు ఆ అనుమానం రాలేదు. ఎండాకాలం పైన గడ్డి ఎండిపోతే మంద తోలుకొని పల్లానికి దిగుతాడు, మేత ఊరికే ఇస్తారా, ఆ ఊరోళ్ళ చెట్ల పని చేసిపెట్టి మేపుకుంటాడు అన్నాడు. ఆ పని ఏమిటంటే, పచ్చికాయకు కత్తిమొనతో చిన్న గాటు పెట్టడం. గాటు పడిన కాయ నాలుగు రోజుల్లో ఉబ్బి తియ్యగా పండుతుందట. ఇది విన్నాక తాత ఊరుకోలేదు. వాగు పక్కనున్న అత్తిచెట్టు ఎక్కి, అందినన్ని కాయలకు గాట్లు పెట్టి వచ్చినాడు. నాలుగు రోజుల తర్వాత చూస్తే ఒక్కటీ పండలేదు, విప్పితే ఎప్పటిలాగే లోపల పురుగులు. ఆ దేశపు అత్తి వేరు, మన అత్తి వేరు అని ఉపదేశి ఎంత చెప్పినా, తన గాటే తప్పని తాత అనుకున్నాడు.

ఆమోసు మిగతా జీవితం చిన్నదే. మంద వదిలి, సరిహద్దు దాటి, ఉత్తరాన పక్క రాజ్యానికి పోయినాడు. అక్కడ మంచి కాలం నడుస్తోంది. చెక్కిన రాళ్ళతో ఇళ్ళు, ఏనుగు దంతం పొదిగిన మంచాలు, గుడిలో ఆగకుండా పండగలు. బజారులో మాత్రం గింజలు ఇచ్చే కొలత చిన్నది, వెండి తూచుకునే రాయి పెద్దది, గింజల్లో పొట్టు. బేతేలు అనే ఊళ్ళో రాజుగారి గుడి ముందు నిలబడి ఆమోసు ఆ సంగతి చెప్పినాడు. తూకంలో మోసం పెట్టుకొని మీరు చేసే పండగ దేవుడికి వద్దు, మీ పాటలు ఆయన వినడు అన్నాడు. అమజ్యా అనే అక్కడి పూజారి, ఇది రాజుగారి గుడి, నీ దేశానికి పోయి అక్కడ చెప్పుకొని బతుకు అని తరిమినాడు. నేను ప్రవక్తనూ కాదు, ప్రవక్త కొడుకునూ కాదు, మేకలోణ్ణి అని ఆమోసు చెప్పుకున్న చోట తాత తొడ మీద చరుచుకొని, చూసినావా, మనోడే అనేవాడు.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. మా నాన్న వాళ్ళది కడత్తూరు దగ్గర. ఇంటి ముందే రోడ్డు మీద మా పెద్దనాయన మరవళ్ళి గడ్డ కొనే షెడ్డు నడిపేవాడు. ఆంధ్రలో దీన్నే కర్రపెండలం అంటారట. రైతులు తెచ్చిన గడ్డను ఆయన కొని, జవ్వరిసి, అంటే సగ్గుబియ్యం, మిల్లులకు పంపేవాడు. నాన్న అక్కడే తూకాలు చూసేవాడు, అన్న మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. గడ్డ ధర ఒట్టి బరువు మీద ఉండదు, అందులో పిండి ఎంతుందో దాని మీద ఉంటుంది. అది చూడటానికి ప్రతి లోడునుంచీ కొంత గడ్డ తీసి, ముందు బయట తూచి, తర్వాత జల్లెడబుట్టలో పెట్టి నీళ్ళ డ్రమ్ములో ముంచి తూస్తారు. పిండి ఎక్కువున్న గడ్డ నీళ్ళల్లో కూడా బరువు చూపిస్తుంది. ఆ చూపించేదాన్నే పాయింటు అంటారు. డ్రమ్ములో కాస్త ఉప్పు కలిపితే నీళ్ళు చిక్కబడి గడ్డను పైకి ఎక్కువగా ఎత్తుతాయి, పాయింటు తగ్గుతుంది. మా షెడ్డులో పొద్దున్నే డ్రమ్ము నింపేటప్పుడు కల్లుప్పు పడేది. ఇది రహస్యమేమీ కాదు. చుట్టుపక్కల ఊళ్ళలో దాన్ని ఉప్పు పాయింటు అనేవాళ్ళు. అన్ని షెడ్లలోనూ ఏదో ఒకటి ఉంటుంది, మన షెడ్డులో ఉప్పు అని రైతులే నవ్వుకుంటూ దించిపోయేవాళ్ళు.

అయితే మా పెద్దనాయనకు ఒక మర్యాద ఉండేది. చుట్టాల లోడు వస్తే పాత నీళ్ళు పారబోయించి, బోరు నీళ్ళు కొత్తగా పట్టించి, అప్పుడు తూయించేవాడు. ఆడపిల్లనిచ్చిన ఇంటివాళ్ళకు, ఆడపిల్లను తెచ్చుకున్న ఇంటివాళ్ళకు పీట వేసి మజ్జిగ ఇచ్చినట్టే ఇదీ. మా తాత లోడుకు ఎప్పుడూ నీళ్ళు మారేవి. ఆయన అది మర్యాద అనుకోలేదు, గమనించనే లేదు. ఎందుకంటే ఎప్పుడూ ఒక్కడే వచ్చేవాడు.

నేను పదో తరగతిలో ఉన్న ఏడు పెరటాసిలో, పెరుమాళ్ళకు అన్నం ఆరగింపు పెట్టే మా ఇంటి తళిగ పండగకు కొన్ని రోజుల ముందు, ఆయన గడ్డ తెచ్చినాడు. ట్రాక్టరు బాడుగ కలిసి పెట్టుకుందామని ఉపదేశి తన గడ్డ కూడా అదే ట్రెయిలరులో, మధ్యలో గోనెసంచులు అడ్డం పెట్టి వేసినాడు. ముందు ఉపదేశి గడ్డ తూచినారు. తర్వాత పెద్దనాయన చెయ్యి ఊపితే పనివాళ్ళు డ్రమ్ము పక్కకు వంచినారు. నీళ్ళు రోడ్డు దాకా పారినాయి. బోరు వేసి మళ్ళీ నింపినారు, తాత గడ్డ తూచినారు. ఒకే గట్టుకు ఇరుపక్కల చేలు, ఒకే కట్టలోని పుల్లలు నాటినారు, పడింది ఒకే వాన. రెండు పాయింట్లలో ఉపదేశిదే తక్కువని తాత చూసినాడు. పారిపోయిన నీళ్ళ వైపు చూస్తూ నిలబడినాడు. ఉపదేశి నవ్వుతూ తన సంచులు దులుపుకున్నాడు.

ఆ సాయంత్రం ఖాళీ ట్రెయిలరులో వాళ్ళతోపాటు నేనూ తాత ఊరికి పోయినాను. ఉప్పునీళ్ళల్లో పాయింటు ఎందుకు తగ్గుతుందో నా భౌతికశాస్త్రం పాఠంలోంచి తాతకు వివరిస్తే, ఎందుకు తగ్గుతుందో నాకెందుకురా, ఎవరికి తగ్గుతుందో చూసినా కదా అన్నాడు. చాలా దూరం పోయినాక ఉపదేశిని అడిగినాడు, నీ ఆమోసు ఈపొద్దు అక్కడుండి ఉంటే ఏమనేవాడు అని.

“చెప్పేవాడు అయ్యా. చెప్పి, తన ఊరికి పోయేవాడు. నేను రేపు కూడా గడ్డ అక్కడికే తేవాల.”

ఆమోసుకు ఆడబిడ్డ ఉండిందా అని తాత అడిగినాడు. ఉపదేశికి అర్థం కాలేదు. భార్యా పిల్లల సంగతి ఎక్కడా రాయలేదు అన్నాడు. “ఉండి ఉంటే, ఆ బేతేలు ఊళ్ళో ఇచ్చి ఉంటే?” అన్నాడు తాత. ఉపదేశి ఖాళీ గోనెసంచులు మడత పెట్టసాగినాడు. మా అమ్మ ఆయనకు ఒక్కతే కూతురు.

మూడో శనివారం మా ఇంట్లో తళిగ. నడిమింట్లో అరిటాకుల మీద అన్నం కుప్పగా పోసి, పిండిదీపాలు వెలిగించి, పెరుమాళ్ళకు ఆరగింపు పెడతారు. దాసరి శంఖం ఊది గోవిందా అంటే అందరూ గోవిందా అంటారు. ఆ తర్వాత పిల్లనిచ్చిన వియ్యంకుడికి మొదటి మర్యాదగా పట్టుగుడ్డ తలకు చుట్టి హారతి ఇవ్వడం మా వాడుక. దాసరి గుడ్డ తీసుకొని తాత దగ్గరికి వచ్చినాడు. తాత ఆ గుడ్డను రెండు చేతులతో అందుకొని, కళ్ళకద్దుకొని, తిరిగి పళ్ళెంలో పెట్టినాడు. గొంతు పెంచలేదు. పెద్దనాయనతోనే చెప్పినాడు.

“నాయనా, నా గడ్డకు నీళ్ళు మార్పించినావు. నా పక్క చేనాయనకు మార్పించలే. ఈ గుడ్డ కట్టుకుంటే ఆ ఉప్పులో నేనూ చెయ్యి పెట్టినట్టే. అందరికీ నీళ్ళు మార్చు, వచ్చే ఏడు నేనే తల వంచి కట్టించుకుంటా.”

పెద్దనాయన ముఖం ఎర్రబడింది గానీ, ఆయనా మర్యాదస్తుడే. “మామా, ఇది మా ఇంటి తళిగ. నీతులు చెప్పేది ఉంటే మీ ఊరి గుళ్ళో చెప్పుకోండి” అన్నాడు. వెనక వరసలోనుంచి ఒక చుట్టం, మామ నీళ్ళు నీళ్ళు అంటుంటే ఏమో అనుకున్నా, ఉపదేశి చేత జ్ఞానస్నానం చేయించుకున్నట్టుండాడు అన్నాడు. కొందరు నవ్వినారు. తాత కూడా కాస్త నవ్వి, పెరుమాళ్ళకు దండం పెట్టుకొని, పొద్దుటినుంచీ ఉన్న ఉపవాసంతోనే చెప్పులేసుకొని బస్సు కోసం నడిచినాడు. అమ్మ వంటింటి గుమ్మంలో సాంబారు గిన్నెతో నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూడలేదు. చూస్తే పోలేనని అనుకున్నాడేమో. ఆమె గిన్నె తీసుకొని పంక్తిలోకి వచ్చి, ఒక్క ఆకూ తప్పకుండా వడ్డించింది.

ఆ తర్వాత జరిగినవాటిలో నవ్వొచ్చేది ముందు చెపుతాను. తాత మతం మారినాడని రెండు ఊళ్ళలోనూ చెప్పుకున్నారు. దానికి జవాబుగా ఆయన నామం వెడల్పు చేసినాడు. పోయే బస్సులోంచి కూడా కనిపించేంత లావు నామం. ఉపదేశి మాత్రం తల పట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఒక్కరినీ మార్చలేకపోతినే అని నేను బాధపడుతుంటే, మారనోణ్ణి తెచ్చి నా లెక్కలో వేసినారే అని వాపోయేవాడు. నవ్వు రానిది ఇది: అమ్మను పుట్టింటికి పంపడం ఆగిపోయింది. పోవద్దని ఎవరూ అనలేదు. పొమ్మని కూడా ఎవరూ అనలేదు. మా ఇళ్ళల్లో కోడలు తనంతట తాను సంచి సర్దుకొని బయల్దేరదు, పెద్దవాళ్ళు పంపాలి. తాత కూడా మా గుమ్మం తొక్కలేదు. ఒకరోజు పెద్దమ్మ నెమ్మదిగా అమ్మ దగ్గర కూర్చొని, మీ నాయన వచ్చి ఒక మాట సర్దుకుంటే అందరం మరిచిపోతాము, నువ్వు చెప్పమ్మా అంది. అమ్మ చింతపండు పిసుకుతూనే, “నీళ్ళు మార్చండక్కా, ఆయనే వస్తాడు” అంది. పెద్దమ్మ ఇంక ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అమ్మ కూడా ఎత్తలేదు.

కడత్తూరు బస్సు ఆగే చోట, మా షెడ్డుకు ఎదురుగా, ఒక టీకొట్టు ఉండేది. సంతరోజు తాత అక్కడ దిగి బెంచీ మీద కూర్చునేవాడు. మా నాన్న ఏమీ ఎరగనట్టు సరిగ్గా అదే సమయానికి అమ్మను కూరగాయలకు పొమ్మనేవాడు. నాన్న చేయగలిగింది అంత. అమ్మ రోడ్డు దాటి, తండ్రి పక్కన ఒక టీ తాగేంతసేపు కూర్చొనేది. కూతురింటి పెంకులు కనిపిస్తుండగా ఆయన కొట్టువాడి బన్ను తినేవాడు. ఇంట్లోనుంచి డబ్బాలో అన్నం తెస్తానని అమ్మ ఒకసారి అడిగితే, ఆ ఇంటి గడప తొక్కనివాడు ఆ ఇంటి అన్నం రోడ్డు మీద తినకూడదమ్మా అన్నాడట. పెద్దనాయన షెడ్డులోనుంచి చూస్తుండేవాడు. ఆయన లేచి రాలేదు, తాత దాటి పోలేదు. నేను పై చదువుకు పోయి, వచ్చి, మళ్ళీ పోయినాను. ఆ బెంచీ మీద తాత నడుం వంగుతూ వచ్చింది.

నా డిప్లొమా చివరి ఏడు మిల్లులవాళ్ళు పాయింటు తామే చూసుకోవడం మొదలుపెట్టినారు. లోడు నేరుగా మిల్లుకే పోవాలి. షెడ్డులో ఇంక తూకానికి పని లేదు. పెద్దనాయనను ఎవరూ ఓడించలేదు, ఆయన ఎవరికీ ఒప్పుకోలేదు. పని తనంతట తానే ఆయన చేతిలోనుంచి జారిపోయింది. ఆ పెరటాసిలో తళిగకు ముందు ఒకరోజు నన్ను వెంట రమ్మని, మోటారుసైకిలు మీద తాత ఊరికి పోయినాడు. ఉపదేశి గట్టు మీద ఉన్నాడు. పెద్దనాయన ఆయనకు ఒక నమస్కారం పెట్టినాడు, అంతకు మించి ఏమీ అనలేదు. తాత నులకమంచం మీద కూర్చొని ఉన్నాడు. పెద్దనాయన కూర్చోకుండానే, డ్రమ్ము తీసేసినాము మామా, శనివారం రండి అన్నాడు. తాత అడిగినాడు:

“ఆ డ్రమ్ము ఎక్కడ పెట్టినారు?”

“పెరట్లో ఉంది మామా. ఆవులు తాగేదానికి నీళ్ళు పట్టి పెడతాము.”

“కడిగినారా?”

పెద్దనాయన నేల చూస్తూ, “నేనే కడిగినా మామా” అన్నాడు.

“అయితే వస్తాను” అన్నాడు తాత.

నాకు అప్పుడు కోపం వచ్చింది. నా లెక్క ప్రకారం ఏదీ తేలలేదు. తప్పు ఒప్పుకోలేదు, ఉప్పు పాయింటులో నష్టపోయిన రైతులకు తిరిగి వచ్చింది ఏదీ లేదు, నీళ్ళు మార్చమన్న షరతు నెరవేరలేదు. మార్చడానికి నీళ్ళే లేకుండా పోయినాయి. వరసగా ఈ మూడూ ఉపదేశితో చెప్పి, ఆమోసు అయితే ఒప్పుకొనేవాడా అని అడిగినాను. బేతేలునుంచి తరిమేసినాక ఆమోసు ఏమైనాడో ఎవరికీ తెలియదయ్యా, మళ్ళీ మేకల దగ్గరికి పోయి ఉంటాడు, ఆకలేస్తే ఎవరో ఒకరు పెట్టింది తిని ఉంటాడు అన్నాడు ఆయన.

శనివారం తాత వచ్చినాడు. దాసరి పట్టుగుడ్డ తెస్తే తల వంచినాడు. వణికే మెడ మీద ఆ చుట్టు సరిగ్గా నిలవక, పక్కకు జారుతుంటే పెద్దనాయనే సర్దినాడు. పంక్తిలో కూర్చున్నాక అమ్మ ఆయన ఆకులో అన్నం పెట్టింది. చాలు అనలేదు ఆయన. ఆమె ఆపలేదు. పక్కవాళ్ళ ఆకులు ఖాళీ అయ్యి, లేచిపోయినాక కూడా వాళ్ళిద్దరే అట్లా ఉన్నారు, ఆయన తింటూ, ఆమె గిన్నె పట్టుకొని.

ఈరోజు నేను సరిచూసే మిషన్లలో గ్రాములో చిన్న భాగం తేడా వచ్చినా ముద్ర వేయను. అందులో ఎవరి మాటా వినను. కానీ ఆ శనివారం తాత ఎందుకు తల వంచినాడో ఇప్పుడు నాకు తెలుసు. సరైన తూకం కోసం మనిషి తనకు ఉన్న కాలమంతా ఎదురుచూడగలడు. కూతురి చేతి అన్నానికి మాత్రం ఆ కాలంలోనుంచే కొంచెం మిగుల్చుకోవాలి.